మూత తీసిన పెట్టె, సీలు వేసిన పెట్టె: ఒక కంప్యూటర్ కంపెనీ కథని చదవడం

సత్తెనపల్లిలో సికింద్రాబాదు బండి ఎక్కితే నడికుడి, మిర్యాలగూడ, నల్లగొండ దాటి పగిడిపల్లి దగ్గర కాజీపేట లైన్లో కలుస్తాం. ఆపైన ఘట్‌కేసర్, తర్వాత చర్లపల్లి. ఆ వైపు వెళ్ళే సిటీ బస్సుల బోర్డుల మీద ‘ఈసీఐఎల్’ అని రాసి ఉంటుంది. మా ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ ఇళ్ళు అద్దెకి తీసుకుని పిల్లల్ని చదివించుకునేవాళ్ళకి ఈసీఐఎల్ అంటే ఒక చౌరస్తా. పక్కనే ఏ.ఎస్.రావు నగర్. ఆ రావుగారెవరని అడిగితే వెంచర్ వేసినాయనేమో అనే సమాధానం రావచ్చు. ఒక సంస్థ పేరూ, దాన్ని నిలబెట్టిన మనిషి పేరూ అడ్రసులుగా మిగిలి, అసలు సంగతి రాలిపోయింది.

ఈసీఐఎల్ అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద పుట్టిన ప్రభుత్వరంగ సంస్థ. దాన్ని నడిపించిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువాడు. 1970లలో ఈ దేశంలో సొంత డిజైనుతో కంప్యూటర్లు తయారుచేసి అమ్మిన సంస్థ ఏదంటే ముందుగా చెప్పాల్సిన పేరు ఇదే. తర్వాత ఆ మార్కెట్లో వెనకబడింది. ఆ తర్వాత వోటింగ్ యంత్రం రూపంలో, బీఈఎల్‌తో కలిసి, దేశంలో ప్రతి ఊరికీ వచ్చింది. లేచింది, పడింది, మళ్ళీ లేచింది. కథకి కావలసినవన్నీ ఉన్నాయి. అయినా ఇది మనకి కథ కాలేదు.

ఎందుకు కాలేదు అన్నదే ఈ వ్యాసం. సంస్థ చరిత్ర చెప్పడం నా ఉద్దేశం కాదు. కంప్యూటర్ కంపెనీల గురించి మనం చదివే పుస్తకాలకి ఒక అచ్చు ఉంది. ఆ అచ్చులో ఈసీఐఎల్‌ని పోసి చూస్తే ఏది పట్టదో, ఏది బయటికి కారిపోతుందో చూడాలని.

పన్నెండేళ్ళ వనవాసం

ఆ అచ్చు యాపిల్‌ది. బస్టాండు పుస్తకాల కొట్లో వ్యక్తిత్వ వికాసం అరలో స్టీవ్ జాబ్స్ కనపడతాడు. గుంటూరు, నరసరావుపేట చుట్టూ ఉన్న ఇంజనీరింగు కాలేజీల్లో ఫ్రెషర్స్ డే ఉపన్యాసాల్లోనూ కనపడతాడు. వీటన్నిటికీ మూలగ్రంథం లాంటిది వాల్టర్ ఐజాక్సన్ 2011లో అచ్చువేసిన ‘స్టీవ్ జాబ్స్’. కథ అందరికీ తెలుసు. 1976లో కంపెనీ పెట్టారు. 1977లో యాపిల్ 2 వచ్చింది, 1984లో మెకింటాష్. 1985లో జాబ్స్ బయటికి పోయాడు. కంపెనీ దిగజారింది. 1996 చివర్లో జాబ్స్ పెట్టుకున్న నెక్స్ట్ అనే కంపెనీని కొంటున్నట్టు యాపిల్ ప్రకటించింది, దాంతోపాటు ఆయనా తిరిగొచ్చాడు. 1997లో పగ్గాలు చేతికొచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెట్టింది. 1998లో ఐమాక్, 2001లో ఐపాడ్, 2007లో ఐఫోన్. మిగతాది మన జేబుల్లోనే ఉంది.

1985 నుంచి 1997 దాకా పన్నెండేళ్ళు. పాండవుల వనవాసానికి సరిగ్గా సరిపోయే లెక్క. తెలుగు పాఠకుడికి ఈ కథ అంత తేలిగ్గా ఎక్కడానికి ఇదొక కారణం అనుకుంటాను. రాజు అడవికి పోయాడు, రాజ్యం పాడైంది, రాజు తిరిగొచ్చాడు, వానలు పడ్డాయి. ఈ వరసకి మనం చిన్నప్పుడే అలవాటుపడ్డాం.

నిజానికి మా పల్నాటి కథలో ఇంతకంటే లోతైన వనవాసం ఉంది. కోడిపందెంలో ఓడి మలిదేవుడు, బ్రహ్మనాయుడు మండాదికి పోతారు. గడువు తీరాక తిరిగొస్తే రాజ్యం దక్కదు, కారెంపూడి యుద్ధం దక్కుతుంది. గడువు తీరడమూ రాజ్యం రావడమూ రెండు వేరువేరు సంగతులని పల్నాటివాళ్ళకి తెలుసు. వ్యాపార జీవితచరిత్రలకి ఆ తేడా తెలియదు. వాటిలో తిరిగొచ్చినవాడికి రాజ్యం తప్పకుండా వస్తుంది. రానివాళ్ళ గురించి పుస్తకం ఉండదు, అంతే.

ఐజాక్సన్‌ని తీసిపారేయడం సరికాదు. జాబ్స్ కోపాన్నీ, మోటుదనాన్నీ, కూతురి విషయంలో ప్రవర్తించిన తీరునీ ఆయన దాచలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా రాశాడు. యాపిల్ 2 తయారవుతున్నప్పుడు దానిలో ఎన్ని స్లాట్లు పెట్టాలన్న దాని మీద జాబ్స్‌కీ వోజ్నియాక్‌కీ గొడవ. ప్రింటరుకొకటి, మోడెముకొకటి, రెండు చాలన్నాడు జాబ్స్. కాదు ఎనిమిది కావాలన్నాడు వోజ్నియాక్. వోజ్నియాక్ మాటే నెగ్గింది. కొన్నవాడు పైమూత తీసి, తనకి కావలసిన కార్డు గుచ్చుకునే వీలు అలా మిగిలింది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన మెకింటాష్‌లో ఆ వీలు లేదు. దాని పెట్టె తెరవాలంటే మామూలు స్క్రూడ్రైవరు సరిపోదు.

ఈ గొడవని ఐజాక్సన్ జాబ్స్ స్వభావానికి నిదర్శనంగా వాడుకున్నాడు. అన్నీ తన చేతిలో ఉండాలనుకునే మనిషి, అని. అక్కడ నాకు తృప్తి కలగలేదు. పెట్టెకి మూత ఉండాలా, సీలు ఉండాలా అన్నది ఒక మనిషి గుణానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. కంప్యూటర్ అనే వస్తువు ఎవరిది అన్న ప్రశ్న. దాన్ని జీవితచరిత్రలో పడేస్తే సమాధానం ఎప్పుడూ నాయకుడి దగ్గరే దొరుకుతుంది. ఈసీఐఎల్ కథలో అలాంటి నాయకుడి వనవాసం లేదు కాబట్టి, ప్రశ్నని ఉన్నదున్నట్టు అడగడానికి అది మంచి చోటు.

ట్రాంబే నుంచి చర్లపల్లికి

హోమీ భాభా నాయకత్వంలో 1963లో ఒక ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. 1966 జనవరిలో విమానప్రమాదంలో భాభా పోయాడు. కమిటీ నివేదిక అదే ఏడు వచ్చింది. ఎలక్ట్రానిక్స్ మనమే తయారుచేసుకోవాలి అన్నది దాని సారం. అప్పటికే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో టిఫ్రాక్ అనే సొంత కంప్యూటర్ 1960 నుంచి పనిచేస్తోంది. ట్రాంబేలో అణు రియాక్టర్లకి కావలసిన కొలత పరికరాలూ నియంత్రణ పరికరాలూ తయారుచేసే విభాగం ఉంది. ఆ విభాగాన్ని నడిపించింది ఏ.ఎస్.రావే. అక్కడ పెరిగిన పనితనం హైదరాబాదుకి వచ్చి ఈసీఐఎల్ అయింది.

దాని మొదటి కంప్యూటర్ పేరు టీడీసీ-12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 12 బిట్లది. 1969లో విక్రమ్ సారాభాయ్ చేతుల మీదుగా మొదలైంది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. పరిశోధనశాలలూ, విశ్వవిద్యాలయాలూ, ప్రభుత్వ సంస్థలూ వీటికి ప్రధానమైన కొనుగోలుదారులు. ఇవి గది పట్టే యంత్రాలు, బీరువాల్లాంటి ర్యాకులు. ఆ తరం యంత్రాల్లో లోపం వస్తే తలుపు తీసి, బోర్డు లాగి, ఏ భాగం పోయిందో వెతికి బాగుచేసేవాళ్ళు. యంత్రంతోపాటు దాని లోపలి తెలివి కూడా కొన్నవాడి గదిలోకి వచ్చేదన్నమాట. ‘పర్సనల్’ కాదు గానీ, మూత తీసిన పెట్టె.

ఈ దశ గురించి మనకి గట్టి పుస్తకాలే ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో. జోసెఫ్ గ్రీకో 1984లో రాసిన పుస్తకం భారతదేశం బహుళజాతి కంప్యూటర్ కంపెనీలతో బేరమాడే శక్తిని ఎలా పెంచుకుందో చూపిస్తుంది. పీటర్ ఎవాన్స్ 1995 నాటి ‘ఎంబెడెడ్ అటానమీ’ భారతదేశాన్ని బ్రెజిల్, కొరియాలతో పోలుస్తుంది. దినేశ్ సి. శర్మ 2009లో రాసిన ‘ది లాంగ్ రివల్యూషన్’ టిఫ్రాక్ రోజుల నుంచి ఔట్‌సోర్సింగ్ దాకా మొత్తం చరిత్రని ఒకచోట పెడుతుంది. మామూలు పాఠకుడు ఒకటే చదవగలిగితే శర్మ పుస్తకం చదవాలి. 1991లో ఒక్కసారిగా ఆకాశం నుంచి ఐటీ ఊడిపడిందనే భ్రమని అది వదలగొడుతుంది.

ఎవాన్స్ దగ్గర ఒక ఉపయోగపడే పోలిక ఉంది. ప్రభుత్వం పరిశ్రమతో నాలుగు రకాలుగా వ్యవహరించవచ్చంటాడు. కాపలాదారుగా నిబంధనలు పెట్టి అడ్డుకోవచ్చు. తానే సృష్టికర్తై ఫ్యాక్టరీ పెట్టవచ్చు. మంత్రసానిలా ప్రైవేటు కంపెనీలకి పురుడు పోయవచ్చు. పుట్టినవాటిని సేద్యగాడిలా సాకవచ్చు. ఈసీఐఎల్ ఈ సృష్టికర్త పాత్రకి ఉదాహరణ. ఆ పాత్రకి పరిమితులున్నాయని ఆయన వాదన. పత్తి, మిర్చి మధ్య బతికేవాళ్ళకి ఈ చివరి పోలిక బాగా అర్థమవుతుంది. విత్తనం తానే చేసి, తానే వేసి, పక్కచేలో ఎవరూ వేయకూడదంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

1970లలో జరిగింది దాదాపు అదే. ప్రైవేటువాళ్ళు మినీ కంప్యూటర్లు చేస్తామని దరఖాస్తులు పెట్టుకుని అనుమతి కోసం ఎదురుచూశారు. ఈసీఐఎల్ ధరలు బయటి ప్రపంచంతో పోలిస్తే ఎక్కువ. ఇంకోవైపు ఐబీఎం పాత యంత్రాలని ఇక్కడ కొత్తగా సవరించి అద్దెకిచ్చి డబ్బు చేసుకుంది. 1973 విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం విదేశీ వాటా 40 శాతానికి దించాలన్నప్పుడు ఒప్పుకోకుండా 1978లో దేశం విడిచిపోయింది. పోటీ పోయింది కాబట్టి ఈసీఐఎల్‌కి ఎదురుండకూడదు. కానీ అప్పుడే ప్రభుత్వం మినీ కంప్యూటర్లలోకి ప్రైవేటు కంపెనీలని రానిచ్చింది. హెచ్‌సీఎల్, డీసీఎం, విప్రో లాంటివి దిగాయి.

పడటానికి అసలు కారణం మాత్రం వీటన్నిటికంటే చిన్నది, వేలిగోరంత. మైక్రోప్రాసెసర్. సీపీయూని సొంతంగా డిజైను చేసుకోవడం ఈసీఐఎల్ గర్వం, బలం. 1974లో ఇంటెల్ 8080 వచ్చాక ఆ గొప్పతనం చిప్పు రూపంలో బజార్లో దొరకడం మొదలైంది. ఈసీఐఎల్ దీన్ని చూడలేదని కాదు. 1978లోనే మైక్రో-78 అనే మైక్రోప్రాసెసర్ యంత్రం తెచ్చింది. 1980లలో నార్వేకి చెందిన నార్స్క్ డేటా డిజైన్లతో పెద్ద యంత్రాలు చేయడానికీ ప్రయత్నించింది. ఆ నార్వే కంపెనీయే దశాబ్దం తిరక్కుండా కుప్పకూలింది. దానికి వనవాసం తప్ప తిరిగిరావడం లేదు. 1984 నవంబరు కంప్యూటర్ విధానం దిగుమతులని సులభం చేశాక, విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మేవాళ్ళ ముందు సొంతంగా చేసుకునేవాడు నిలవడం కష్టమైంది.

ఇక్కడ ‘పడింది’ అనే క్రియకి కర్త ఎవరు? కంపెనీ మూతపడలేదు. అణువిద్యుత్ కేంద్రాల నియంత్రణ వ్యవస్థలు చేస్తూనే ఉంది. ఈసీ టీవీ అని ఇళ్ళల్లో చెప్పుకునేంతగా టీవీలు అమ్మింది. పడింది ఒక ఆలోచన. యంత్రాన్ని అట్టడుగు నుంచి మనమే ఆలోచించి చేసుకోవాలి అన్నది. ఈ తేడాని విధానాల చరిత్రలు సరిగా పట్టుకోవు. వాటికి ఫైళ్ళు కావాలి, కమిటీలు కావాలి, మార్కెట్ వాటా కావాలి. శర్మ పుస్తకంలో మనుషులున్నారు, కానీ నాకు అనిపించినంతలో ఎక్కువగా నిర్ణయాలు తీసుకున్న మనుషులు. బోర్డు మీద సోల్డరింగు చేసిన చెయ్యి, రాత్రి షిఫ్టులో ఎర్రర్ ఎక్కడుందో వెతికిన కన్ను ఆ పేజీల్లో తక్కువ.

పేరులేని క్యాబినెట్

మరి సత్తెనపల్లికి పర్సనల్ కంప్యూటర్ ఎలా వచ్చింది? ఈసీఐఎల్ నుంచి రాలేదు. యాపిల్ నుంచి అసలే రాలేదు. సికింద్రాబాదు పార్క్‌లేన్, సీటీసీ నుంచో, గుంటూరు, విజయవాడల నుంచో అట్టపెట్టెల్లో విడివిడిగా వచ్చింది. మదర్‌బోర్డు ఒకరిది, ర్యామ్ ఇంకొకరిది, మానిటర్ సెకండ్‌హ్యాండుది. క్యాబినెట్ మీద ఏ పేరూ ఉండేది కాదు. దాన్నే ‘అసెంబుల్డ్’ అనేవాళ్ళం. డీటీపీ సెంటర్లు, ఇంటర్నెట్ సెంటర్లు, ఎరువుల కొట్ల బిల్లింగు, ఎంసెట్ కౌన్సెలింగు ఆప్షన్లు, అన్నీ దానిమీదే నడిచాయి.

ఆ పెట్టెకి పక్కరేకు బిగించి ఉండగా నేను చూసింది తక్కువ. తీసి పక్కన పెట్టేవాళ్ళు. మా ఊళ్ళో గాలిలో జిన్నింగు మిల్లుల దూది నూగు ఉంటుంది, సీజన్లో మిరప ఘాటూ ఉంటుంది. నూగు ఫ్యానుకి చుట్టుకుంటే సీపీయూ వేడెక్కి ఆగిపోయేది. పెయింటు బ్రష్షుతో దులిపి, ర్యామ్ పీకి రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చితే బతికేది. చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్ళు ఈ వైద్యం నేర్చుకుని దుకాణాలు పెట్టారు. వోజ్నియాక్ పట్టుబట్టి పెట్టించిన ఎనిమిది స్లాట్ల అసలు వారసులు వీళ్ళేనని నేననుకుంటాను. టీడీసీ ర్యాకుల తలుపులు తెరిచిన ఇంజనీర్ల వారసులు కూడా.

తెలుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి మొదటి అధ్యక్షుడు మా సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకి వెళ్ళిన వావిలాల గోపాలకృష్ణయ్య. పాలన తెలుగులో జరగాలని ఆయన పట్టుబట్టిన రోజుల్లోనే హైదరాబాదులో టీడీసీలు తయారవుతున్నాయి. ఆయనా ఏ.ఎస్.రావూ ఇద్దరూ 2003లోనే పోయారు. వాళ్ళ రెండు కోరికలూ మా ఊళ్ళో కలుసుకున్నది పేరులేని క్యాబినెట్ దగ్గరే. పెళ్ళి శుభలేఖలు, పంచాయతీ నోటీసులు, కవితా సంకలనాలు, సంఘాల కరపత్రాలు అన్నీ ఆ డీటీపీ సెంటర్లలోనే కంపోజయ్యాయి.

ఈ దశ ఏ కంపెనీ చరిత్రలోనూ రాదు. రాదు ఎందుకంటే దీనికి కంపెనీ లేదు. లేచి పడి లేచే కథకి కర్తగా ఒక సంస్థ కావాలి, దానికొక లోగో కావాలి. మనలో ఎక్కువమంది మొదటిసారి తాకిన కంప్యూటర్‌కి లోగో లేదు. కాబట్టి మన అనుభవం ఆ కథల్లో లేదు. మనం వాటిని చదువుతాం, స్ఫూర్తి పొందుతాం, కానీ మనం వాటిలో లేం. యాపిల్ కథ చదివి ఉద్వేగపడే మా జిల్లా ఇంజనీరింగు విద్యార్థికి, కంప్యూటర్ అంటే ఎక్కడికో వెళ్ళి చేసేదనీ, అమెరికాలో మొదలై మన దగ్గరికి ఉద్యోగంగా వచ్చేదనీ ఒక అభిప్రాయం స్థిరపడుతుంది. తన రైలు దారిలో ఉన్న ఊళ్ళోనే ఒకప్పుడు దాన్ని అట్టడుగు నుంచి తయారుచేశారన్న ఊహే రాదు. ఆ ఊహ ఉండటానికీ లేకపోవటానికీ తేడా ఉంది.

సీలు

ఇక తిరిగి లేవడం. 1977లో ఎన్నికల సంఘం వోటింగుకి ఎలక్ట్రానిక్ పరికరం చేయగలరా అని ఈసీఐఎల్‌ని అడిగింది. 1979కి నమూనా తయారైంది. 1980 ఆగస్టులో రాజకీయ పార్టీల ముందు ప్రదర్శించారు. 1982 మేలో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాల్లో యంత్రాలు వాడారు. చట్టంలో వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు అంది. ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 61ఎ సెక్షన్ చేర్చాక, 1998లో మూడు రాష్ట్రాల్లోని 16 అసెంబ్లీ స్థానాల్లో మళ్ళీ మొదలుపెట్టారు. 2004 లోక్‌సభ ఎన్నికలకి దేశమంతా యంత్రమే.

ఆ యంత్రం పనితీరు చూడండి. రెండు భాగాలు, మధ్య ఒక వైరు. అట్ట చాటున వోటరు మీట నొక్కేది బ్యాలెట్ యూనిట్. అధికారి బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్, వోట్లు నిలవుండేది దీనిలో. లోపలి ప్రోగ్రాం ఒక్కసారే రాయగలిగింది, మార్చడానికి వీల్లేనిది. ఏ నెట్‌వర్కుకీ తగిలించరు. కంప్యూటర్ గొప్పతనం ఏ పని చెబితే ఆ పని చేయగలగడం. ఈ యంత్రం గొప్పతనం ఒకే పని చేసి, ఇంకేదీ చేయలేకపోవడం. కంప్యూటర్ల కంపెనీ తిరిగి లేచింది, తాను కంప్యూటర్‌నన్న సంగతి మర్చిపోయేలా చేసిన కంప్యూటర్‌తో.

సరిగ్గా ఇదే యాపిల్‌కీ జరిగింది. 2007 జనవరిలో, ఐఫోన్ చూపించిన రోజునే, ‘యాపిల్ కంప్యూటర్’ అన్న పేరులోంచి కంప్యూటర్ అనే మాట తీసేశారు. ఆ ఫోను బ్యాటరీ కూడా కొన్నవాడు మార్చుకోలేడు. పడినది మూత తీసిన పెట్టె, లేచినది సీలు వేసిన పెట్టె. రెంటినీ కలిపి ‘పునరుజ్జీవనం’ అనడం సంస్థ లెక్కలో నిజమే. వస్తువు లెక్కలో కాదు. ఐజాక్సన్ ఈ పేరు మార్పుని విజయం వైపు ఒక మెట్టుగా చదువుతాడు. నేను దాన్ని ఒక నష్టం నమోదైన తేదీగా కూడా చదువుతాను.

కానీ ఈసీఐఎల్ సీలుకీ యాపిల్ సీలుకీ పెద్ద తేడా ఉంది, అది ఈసీఐఎల్ పక్షాన నిలిచే తేడా. యాపిల్ పెట్టెకి సీలు వేసింది అమ్మినవాడు. వోటింగ్ యంత్రానికి పోలింగు రోజు పొద్దున ఆకుపచ్చ కాగితం సీలు వేసేటప్పుడు పార్టీల ఏజెంట్లు దాని మీద సంతకాలు చేస్తారు. అంతకుముందు అందరి ఎదుటా నమూనా పోలింగు చేసి, లెక్క చూసి, చెరిపేస్తారు. చదువు అంతగా లేని ఏజెంటు కూడా సీలు నంబరు కాగితం మీద రాసుకుంటాడు. నమ్మకాన్ని అలా చేతులతో కట్టారు. ఏ బ్రాండు కట్టిన నమ్మకం కన్నా ఇది నాకు ఎక్కువ గౌరవం కలిగించింది.

అయినా సీలు సీలే. లోపల ఏముందో అన్న అనుమానాన్ని అది పూర్తిగా తీర్చదు. 2010లో హైదరాబాదుకే చెందిన హరిప్రసాద్ విదేశీ పరిశోధకులతో కలిసి ఒక యంత్రాన్ని తెరిచి, దాన్ని ఎలా మార్చవచ్చో చూపించాడు. అదే ఏడు ఆగస్టులో అరెస్టయ్యాడు. యంత్రం చుట్టూ ఉన్న భద్రత దాటి ఎవరూ లోపలికి పోలేరన్నది ఎన్నికల సంఘం సమాధానం. 2013 నుంచి వోటు చీటీ చూపించే వీవీప్యాట్ వచ్చింది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు, చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికనీ బ్యాలెట్ కాగితానికి తిరిగిపోవాలన్న కోరికనీ ఒప్పుకోలేదు. ఓడినవాళ్ళు అనుమానించడం, గెలవగానే మానేయడం అన్ని పార్టీల్లోనూ చూశాం. నా అభిప్రాయం ఏ పార్టీకీ పనికిరాకపోవచ్చు. యంత్రం మోసం చేస్తోందని నేననుకోను. తెరిచి చూపించమని అడగడం తప్పని కూడా అనుకోను.

2024 మే 13న మా పల్నాడు జిల్లాలోనే, మాచర్ల నియోజకవర్గంలో, పోలింగు కేంద్రంలో యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. కొట్టినవాళ్ళ గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆ యంత్రం ఎవరు చేశారు, ఈసీఐఎల్‌దా బీఈఎల్‌దా అని ఎవరూ అడగ్గా నేను వినలేదు. అడ్రసుగా మారిపోయిన సంస్థ యంత్రంలోనూ అజ్ఞాతంగానే ఉంది. ఐఫోన్ పగిలితే ఏ కంపెనీదో మనం అడగక్కర్లేదు.

రాయాల్సినది

చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా ఈసీఐఎల్ పని. లడఖ్ హాన్లేలో 21 మీటర్ల గామా కిరణాల దూరదర్శిని, మేస్, అదీ వీళ్ళ చేతి పనే. సంస్థ బాగానే ఉంది, దానికి మన జాలి అక్కర్లేదు. లేనిది దాని కథ.

తెలుగులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మీద కథలు కొల్లలుగా వచ్చాయి. అమెరికా కథలకి సంకలనాలే ఉన్నాయి. బొగ్గుగని, నేతమగ్గం, పొగాకు బ్యారను మీద మంచి సాహిత్యం ఉంది. కంప్యూటర్‌ని వాడినవాడి గురించి ఇంత రాసుకున్నాం గానీ, తయారుచేసినవాడి గురించి, నా కంటబడినంతలో, ఇంచుమించు ఏమీ లేదు. ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. మన కథకి వలస కావాలి, ప్రయాణం కావాలి. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని చర్లపల్లి గేటులోకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేవాడిలో మనకి కథ కనపడలేదు. పైగా అతను ప్రభుత్వోద్యోగి. ప్రభుత్వోద్యోగంలో సాహసం ఉంటుందని నమ్మే అలవాటు మనకి పోయింది.

యాపిల్ అచ్చు లేకుండా ఈ కథ రాయడం సాధ్యమే. దానికి నాయకుడి తిరుగు ప్రయాణం అక్కర్లేదు. ఏ.ఎస్.రావు గొప్పవాడే, ఆయన జీవితచరిత్రా రావాలి. కానీ అదొక్కటే వస్తే మళ్ళీ ఒక రావు నగర్ కట్టినట్టే అవుతుంది. 1970లో పాతికేళ్ళున్న టెక్నీషియనుకి ఇప్పుడు ఎనభై దాటాయి. సొంతంగా చేసిన సీపీయూ మొదటిసారి సరైన జవాబిచ్చిన రోజు ఎలా ఉందో, దిగుమతి చిప్పు చేతికిచ్చి ఇక ఇది బిగిస్తే చాలన్న రోజు ఎలా ఉందో ఆయనని అడగాలి. వోటింగ్ యంత్రం నమూనా చేసేటప్పుడు దాన్ని ఎవరు ఎలా మోసం చేయవచ్చని వాళ్ళలో వాళ్ళు ఊహించుకున్నారో అడగాలి. అలాగే మన ఊళ్ళ అసెంబుల్డ్ కుర్రాళ్ళని కూడా. వాళ్ళలో చాలామంది ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నారు, సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు. జిగురుతో అతికించి తెరవడానికి వీల్లేకుండా వస్తున్న ఫోన్ల గురించి వాళ్ళకి చెప్పడానికి చాలా ఉంది.

ఇంగ్లీషు పుస్తకాలు ఢిల్లీ ఫైళ్ళు చదివి రాసినవి. అవి అవసరమైనవే. తెలుగులో రాసేవాళ్ళకి ఫైళ్ళకంటే దగ్గర్లో ఉన్నది ఆ కాలనీల్లోని ఇళ్ళు. ఎవరైనా ఒక రికార్డరు పట్టుకుని వెళ్తే బాగుండును. ఇంకో పదేళ్ళు ఆగితే అడగడానికి మనుషులుండరు.